వంక పెట్టే చుట్టాలు

మొన్న సాయంత్రం అమెరికాలో, ఫ్రిస్కోలో ఉన్న మా అమ్మాయి ఇంట్లో, చిక్కుడుకాయలకు ఈనెలు తీసుకుంటూ టీవీ ముందు కూర్చున్నాను. ఏవేవో దేశాల పెద్దలంతా ఒక బల్ల చుట్టూ చేరి ఉన్నారు. అమెరికా గురించి మీరేమంటారని విలేకరి అడిగితే, ఒక్కొక్కరూ సన్నగా నవ్వి, మంచిమాట ఒకటి చెప్పి తప్పుకున్నారు. “చూశారా అత్తయ్యా, ఒక్కడూ పల్లెత్తు మాట అనలేదు” అని అల్లుడు సంబరపడ్డాడు గానీ, నాకెందుకో ఆ మర్యాద నచ్చలేదు. ఈ దేశంలోనే ట్రాయ్ అనే ఊళ్లో ఒకప్పటి మా పాత ఇల్లు, అందులో నా వంటింటి బల్ల కళ్ల ముందు మెదిలాయి.

ఎనభైల మొదట్లో సంగతి. మావారు కార్ల కంపెనీలో ఇంజనీరు. నాకు ముప్పై అయిదు దాటినా ఏ భాషలోనూ అక్షరం ముక్క రాదు. బజారులో డబ్బా మీది బొమ్మ చూసి సరుకు తెచ్చుకునేదాన్ని, బొమ్మ లేని సరుకు మా ఇంటికి వచ్చేది కాదు. అది కనిపెట్టింది పక్కింటి అమెరికావిడే. భర్తకు కార్ల ఫ్యాక్టరీలో పని పోయి ఇల్లంతా దిగులుగా ఉన్న ఆ రోజుల్లో కూడా, పొద్దున్నే తమ పేపరు పట్టుకొచ్చి, నా కాఫీ తాగుతూ, పెద్దక్షరాల మీద నా వేలు పెట్టించి చదివించేది. బయటి దేశాల వాళ్లు తమను ఏమంటున్నారోనని ముందు ఆ వార్తలే వెతికేది. మిత్రదేశపు నాయకుడెవరో అమెరికా మాట మీద నిలబడదన్నాడని చదివితే, పేపరు బోర్లా పెట్టేసేది. నలుగురూ ఏమనుకుంటారోనన్న బెంగ మనకొక్కరికే సొంతమని అంతదాకా అనుకునేదాన్ని.

ఒక ఆదివారం, ఆఫీసు పని మీద జర్మనీ నుంచి వచ్చిన పెద్దాయన్ని మావారు భోజనానికి పిలిచారు. నేను పక్కింటి దంపతులను కూడా పిలిచాను. గుత్తివంకాయ కూర, పులిహోర, పాయసం చేశాను. మా వైపు వియ్యాలవారి భోజనాలు అవుతుండగా లోటుపాట్లు చెప్పమని ఇల్లాలు అడగాలి, అది మర్యాద.

“ఏమండీ, మొహమాటపడకుండా లోటు చెప్పమనండి ఆయన్ని.”

“ఇక్కడ అలా అడగరే” అని గొణుగుతూనే మావారు అడిగారు.

“భోజనానికి లోటు లేదమ్మా, లోటంతా ఈ దేశానిదే” అని ఆ పెద్దాయన ఇంగ్లీషులో మొదలుపెట్టాడు, మావారు నాకు తెలుగులో చెబుతూ వచ్చారు. “ఒక అధ్యక్షుడు మాటిస్తాడు, తర్వాతి ఆయన అది నా మాట కాదంటాడు. మా నాయకులు మెత్తగా చెబుతారు, నేను గట్టిగా చెబుతున్నాను, అంతే తేడా. ఇక మీ కార్లంటారా...”

పక్కింటాయన చెంచా కింద పెట్టాడు. ఆవిడ ముఖం కందిపోయింది. పాయసం ముట్టకుండానే థాంక్స్ చెప్పి ఇద్దరూ లేచిపోయారు.

మర్నాడు ఆవిడ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. “పిలిచి, అడిగి మరీ తిట్టించావు” అని మావారు దెప్పారు. ఆ ఊళ్లో నాకున్న ఒక్క స్నేహితురాలు, ఒక్క పంతులమ్మ ఆవిడే. నా చదువు సగంలో ఆగిపోయింది. చివరికి మళ్లీ పాయసం కాచి, గిన్నె పట్టుకుని నేనే వెళ్లాను.

ఆవిడ తలుపు తీసి, “మీ దేశంలోనూ మా గురించి అలాగే అనుకుంటారా?” అని అడిగింది.

వియ్యంకుడికి వాళ్ల భాషలో మాట దొరక్క “అల్లుడి నాన్న” అన్నాను. నాకొచ్చిన నాలుగు ఇంగ్లీషు ముక్కలకు చేతి సైగలు కలిపి చెప్పాను: “పప్పులో ఉప్పు తక్కువన్న అల్లుడి నాన్న మళ్లీ వస్తాడు. ఏమీ అనకుండా చెయ్యి కడుక్కుని పోయాడే, వాడితోనే భయం.”

లోపలి నుంచి ఆవిడ భర్త పెద్దగా నవ్వాడు. “అయితే ఆ జర్మనీ ఆయన మళ్లీ వస్తాడన్నమాట! ఈసారి వాళ్ల కార్లకు వంకలు నేను పెడతాను, నన్ను తప్పకుండా పిలువు.”

ఆవిడ గిన్నె అందుకుని, పేపరు తీసి నా ముందు పరిచింది. “ఏదీ, చదువు.”

జర్మనీ ఆయన తర్వాతి చలికాలం నిజంగానే వచ్చాడు. వంకాయ కూర అడిగి వేయించుకున్నాడు. పక్కింటాయనా ఆయనా చీకటి పడేదాకా వాదించుకున్నారు.

ఆవిడ పోయి చాలా ఏళ్లయింది. తెలుగు అక్షరాలు కూడా ఆ తర్వాతెప్పుడో మనవరాలి పక్కన కూర్చుని దిద్దాను. ఇప్పుడు ఏ పేపరైనా నేనే చదువుకుంటాను, బోర్లా పెట్టేవాళ్లే లేరు. ఆ రోజుల్లో ఈ దేశాన్ని తిట్టినవాళ్లే మళ్లీ వచ్చి, ఈ దేశపు బల్ల ముందే కూర్చునేవారు. మొన్న టీవీలో ఆ పెద్దలు అంత మర్యాదగా కుర్చీలు జరుపుకుని లేచిపోతుంటే, చిక్కుడుకాయలు పక్కన పెట్టి, ఒక్కరైనా ఉప్పు తక్కువైందంటారేమోనని చివరిదాకా చూస్తూ కూర్చున్నాను.