బాలప్ప లేవని ఓవర్

పొద్దున డ్యూటీకి పోయే ముందు బాలప్ప టిఫిన్ డబ్బా మూత తీసి భార్య మొగులమ్మ ముక్కు దగ్గర పెడతాడు.

"సూడు, పాసిందా?"

"ఇప్పుడే పొయ్యి మీంచి దించిన. అప్పుడే పాసిపోతదా?"

అయినా ఆమె వాసన చూసి తలూపితేనే మూత పెడతాడు. ఆయనకు ఏ వాసనా తెలియదు.

ఎనభై మూడులో మన జట్టు ప్రపంచకప్పు గెలిచిన రోజు బాలప్ప పటాన్‌చెరులో ఒక హోటల్ బల్ల మీద కూర్చుని రేడియో విన్నాడు. అవతలివాళ్ల వికెట్లు పడుతున్నాయి. తాను లేస్తే ఆ వరస తెగుతుందని భయపడి, కాళ్లు తిమ్మిరెక్కినా కదల్లేదు. కప్పు తన వల్లే వచ్చిందని నవ్వుతూ చెప్పేవాడు, సగం నమ్మేవాడు కూడా. తర్వాత బొల్లారంలో మందుల కంపెనీలో చేరాక ఆ నమ్మకం షిఫ్టు మొత్తానికి అంటుకుంది. మ్యాచ్ ఉన్ననాడు తువాలులో చుట్టిన ట్రాన్సిస్టర్ లోపలికి వచ్చేది. మనవాళ్లిద్దరు నిలదొక్కుకుని ఆడుతుంటే ఎక్కడివాళ్లు అక్కడే ఉండాలి.

తొంభై ఏడులో ఒక మధ్యాహ్నం అలాంటి జోడీయే ఆడుతోంది. డ్రమ్ము మీద కూర్చున్న బాలప్పకు ఘాటు వాసన తగిలింది. లేవబోయాడు.

"కూసో అన్నా!" తోటి కార్మికుడు యాదన్న చెయ్యి పట్టి లాగాడు. "నువ్వు లేస్తే వికెట్ వడ్తది."

"వాసనొస్తుందిరా."

"ఈడ వాసన రాని దినమేది? ఈ ఓవర్ కానీ."

బాలప్ప కూర్చున్నాడు. ఓవర్ అయ్యాక వాల్వు దగ్గరికి వెళ్లేసరికి పైపు అతుకు ఊడి రసాయనాల ఆవిరి ముఖాన కొట్టింది. ప్రాణం దక్కింది గాని వాసన పోయింది. వాసన పట్టలేని మనిషి ప్లాంటులో పనికిరాడని కంపెనీ తీసేసింది.

ఆసుపత్రిలో యాదన్న మంచం పక్కన నిలబడి ఏడ్చాడు. "గెలిచినమా?" అని బాలప్ప అడిగాడు. గెలిచారు. "ముక్కు వోతే వోయింది, మ్యాచ్ దక్కింది తీ!" ఆ మాట చెప్పుకుని బస్తీ అంతా నవ్వేది. యాదన్న ఆ ఇంటి గడప తొక్కగలిగింది ఆ మాట వల్లే.

రెండు వేల సంవత్సరంలో, ఆటగాళ్లు డబ్బు తీసుకుని మ్యాచ్‌లు అమ్ముకున్నారని పేపర్లు రాశాయి. పక్కింట్లో ఉండే నాతో బాలప్ప రోజూ పేపర్ చదివించుకునేవాడు.

"బిడ్డా, మా మ్యాచ్ ఉన్నదా అండ్ల?"

"లేదు పెద్దనాయినా."

"లేదంటే అసలుదా, ఇంక దొరకలేదా?"

ఒక ఆదివారం యాదన్న వచ్చి నచ్చజెప్పాడు.

"పరేషాన్ గాకే అన్నా. మనోళ్లు గెలిచిన్రు గదా. అమ్ముకున్నోడు ఓడుతడు గని గెలుస్తడా?"

"అవతలోడు అమ్ముకుంటే?"

యాదన్న టీ గ్లాసు అలాగే కింద పెట్టాడు. ఆ తర్వాత బాలప్ప ముక్కు మాట చెప్పడం మానేశాడు. చెప్పకపోయేసరికి యాదన్న రావడమూ మానేశాడు.

ఇప్పుడు బాలప్ప వెలిమెల దారిలో కొత్త ఇళ్ల దగ్గర పగటి కాపలా చేస్తున్నాడు. గేటు పక్కన ఆయనకో కుర్చీ వేశారు. ఎక్కువసేపు నిలబడే ఉంటాడు.