నేనెవరప్పా?

ఆదోనిలో నేను నర్సుగా చేసిన ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు ఉండేవాడు. హెచ్‌ఐవీ ఉండి, మెదడు పొరలకు ఫంగస్ పట్టిన రోగి ఎవరొచ్చినా ముందు "నేనెవరప్పా?" అని అడిగేవాడు. "డాక్టరు సారు" అంటే మందు మొదలుపెట్టేవాడు. తికమకపడితే కళ్లజోడు తీసి కోటు అంచుతో తుడిచేవాడు. ఇక బతకడని దానర్థం. "ఇంటికి తీసుకపోండమ్మా" అనేవాడు. ఆయన జోస్యం ఎన్నడూ తప్పలేదని వార్డంతా గొప్పగా చెప్పుకునేది.

ఆస్పరి నుంచి మొగుణ్ణి తెచ్చుకున్న ఒక కూలిమనిషి ఇదంతా పసిగట్టింది. పొద్దున్నుంచీ "డాక్టరు సారు అను" అని అతని చెవిలో నూరిపోసింది. డాక్టరు ఆ మాట విననే విన్నాడు. మంచం దగ్గరికొచ్చి, ఆమెను చూపించాడు.

"ఈమె ఎవరప్పా?"

"డాక్టరు సారు," అన్నాడతను, పాఠం అప్పజెప్పినట్టు.

డాక్టరు నవ్వుతూ కళ్లజోడు తీశాడు.

"నేనే అట్ల నేర్పిచ్చినా సారూ, తప్పు నాది. ఇంగొకసారి అడుగు సారూ!" ఆమె కాళ్లు పట్టుకుంది. ఆయన తుడవడం ఆపలేదు.

ఇంటికి పోయిన నాలుగు రోజులకే అతను చనిపోయాడు. వార్డు మళ్లీ ఆయన్ని మెచ్చుకుంది. మందు ఇవ్వకుండా పంపేస్తే ఎవరి జోస్యం తప్పుతుంది?