గాలించిన బియ్యం అడుగున...

మా చిన్నప్పుడు... సూర్యాపేటలో అన్నం తినాలంటే ముందు రాళ్ళతో యుద్ధం చేయాలి. చేటలో ఎంత చెరిగినా సన్న ఇసుక పోయేది కాదు. అందుకే అమ్మ బియ్యం గాలించేది.

గిన్నెలో నీళ్ళు పోసి, గుండ్రంగా తిప్పుతూ, నీళ్ళతో లేచిన బియ్యాన్ని మెల్లగా పక్క గిన్నెలోకి వంచేది. మళ్ళీ నీళ్ళు, మళ్ళీ తిప్పడం... తేలికైనవి నీటితో పోయేవి, బరువైనవి అడుగున ఉండిపోయేవి. నేను తొందరపెడితే "ఆగు బిడ్డా, జర ఉరికిస్తే రాళ్ళు సుత వస్తయ్" అనేది.

దేశానికి స్వతంత్రం వచ్చినా మా దిక్కుకు ఇంకా రాని రోజులవి. తుపాకులవాళ్ళు ఊళ్ళ మీద పడి దొరికింది దోచుకుపోతున్నారు. మా నాన్నది చిన్న బియ్యం దుకాణం. ఒకరోజు కొత్త బస్తా ఒకటి ఇంట్లో దించాడు. అమ్మ అందులోంచి నాలుగు దోసిళ్ళు తీసి గాలించింది.

అడుగున, ఇసుకలో ఏదో తళుక్కుమంది. పుస్తె! చిటికెన వేలి గోరంత బంగారు పుస్తె...

అమ్మ చెయ్యి తన మెడ మీదికి పోయింది. తనవి ఉన్నాయి. మరి ఇది ఎవరిది?

"ఈ బియ్యం యాడియి?" అని నాన్నను అడిగింది.

"పెన్‌పహాడ్ దిక్కు నుంచి ఎవడో తెచ్చిండు. సగం ధరకే అగ్గువకిచ్చిండు, తీసుకున్న."

"అంత అగ్గువకు ఎందుకిస్తున్నడో అడగలేదా?"

ఆ పూట మా ఇంట్లో పొయ్యి వెలగలేదు.

దుకాణానికి వచ్చే పెన్‌పహాడ్ వాళ్ళందరితో అమ్మ కబురు పంపింది. కొన్నాళ్ళకు ఆ పుస్తె తనదేనంటూ ఒకామె వచ్చింది. అమ్మ సంబరం చూడాలి! పుస్తెను పసుపుతాడుకు గుచ్చి, కుంకుమతో పళ్ళెంలో పెట్టి, ఆమె మెడలో కట్టి పంపాలని గడప దగ్గరికి పరుగున వెళ్ళింది.

ఆమె తల మీది కొంగు తీసింది. నుదుట బొట్టు లేదు. చేతులకు గాజులు లేవు.

పళ్ళెం అమ్మ చేతిలోంచి జారిపోయింది...

"బియ్యంల దాస్తే ఎవ్వలు సూడరనుకున్న అక్కా. బస్తానే ఎత్తుకపోయిండ్రు. అడ్డం పోయిండని ఆయనను ఆడ్నే కాల్చిండ్రు" అంది ఆమె. కళ్ళలో తడి కూడా లేదు.

కింద పడ్డ పుస్తెను తీసుకుని, తాడు విప్పి అమ్మకిచ్చి, పుస్తెను కొంగున ముడేసుకుంది. నాన్న ఆ బస్తా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"గవి నేనెట్ల తింట అన్నా?" అని వెళ్ళిపోయింది. నాన్న బస్తా పక్కనే కూలబడ్డాడు. ఆ తరువాత ఎవరిదో తెలియని గింజ మా దుకాణం గడప తొక్కలేదు.

ఇప్పుడు రాళ్ళు లేని బియ్యం సంచుల్లో వస్తున్నాయి. మొన్న మా మనవరాలికి గాలించి చూపించాను. "సూడు నానమ్మా, అడుగున ఏం లేదు, ఎంత క్లీన్‌గా ఉన్నయో!" అని నవ్వింది. నేను మాత్రం గిన్నె అడుగంతా వేలితో తడిమి గానీ పక్కన పెట్టలేకపోయాను...

మీ ఇంట్లో బియ్యం గాలించే చేతులు ఎవరివి? గుర్తుంటే చెప్పండి, చదువుకుంటాను.