చెల్లెలి మందలో ఐదు

మార్కాపురంలో బస్సెక్కి ల్యాప్‌టాప్ తెరిస్తే తెర నల్లగానే ఉండిపోయింది. గిద్దలూరులో ఒక బట్టల దుకాణానికి నేను చేసిన వెబ్‌సైటు అందులోనే ఉంది. ఇంకెక్కడా కాపీ లేదు. ఆ రోజే వాళ్లకు చూపించాలి. మీట మళ్లీ మళ్లీ నొక్కాను.

పక్క సీట్లోని ముసలామె చాలాసేపు నన్నే చూసింది. "ఏంది నాయనా, అట్ల చెమటలు పడుతున్నాయి?"

"మూడు నెలల పని అవ్వా. అంతా దీంట్లోనే ఉంది."

"అంతా ఒక్కచోటనే పెట్టినావా?" ఆమె గొంతులో మందలింపు లేదు, భయముంది. "మేము గొర్రెల్ని అట్ల పెట్టం. నలుగురైదుగురు చుట్టాల మందల్లో కొన్ని కొన్ని విడుస్తాం. రోగమొస్తే మందకు మందే పోతుంది."

బేస్తవారిపేటలో ఆమె లేచింది. "ఇక్కడ ఎవరున్నారవ్వా?" అని అడిగాను.

"మా చెల్లెలి మందలో ఐదున్నాయి. అవే మిగిలినాయి. తోలుకపోదామని వచ్చినా."

ఆమె మూట అందించాను.

ఆ ల్యాప్‌టాప్ మళ్లీ వెలగలేదు. ఇప్పుడు ఏ పని చేసినా ఇంకో కాపీ వేరేచోట దాస్తాను. అయినా కొత్తదాని మీట నొక్కిన ప్రతిసారీ, తెర వెలిగేదాకా, నేనెన్నడూ చూడని ఆమె ఖాళీ దొడ్డి కళ్లముందు ఉంటుంది.