మే నెలలో హీటర్ వేసుకుని పోయిన పెళ్లి కేకు

హిందూపురం నుంచి ధర్మవరం చేరేలోగా ఒక మనిషి ఎంత నష్టం చేయగలడో తెలుసుకోవాలంటే మీరు నన్నే అడగాలి. నేను చేసింది ఒక్కటే తప్పు. కాకపోతే రెండుసార్లు చేశాను. దాంతో మూడంతస్తుల పెళ్లి కేకు ఒకటి కూలిపోయింది, ఒక టీచరమ్మ ఉడికిపోయింది, నాకు రావలసిన ఉద్యోగం ఎటో పోయింది. ప్రాణాలకేమీ కాలేదు కనుక మీరు నిశ్చింతగా నవ్వుకోవచ్చు. నాకు నవ్వు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది.

ఇది తొంభైల చివర్లో సంగతి. నాకు ఇరవై రెండేళ్లు, లైసెన్సు చేతికొచ్చి మూడు నెలలు. హిందూపురంలో గోవిందప్ప గారి బాడుగ కార్ల షెడ్డులో బండ్లు కడిగేవాణ్ని. డ్రైవరు కావాలన్నది తప్ప నాకు వేరే కోరిక లేదు. సినిమా చూస్తున్నా కాళ్లు క్లచ్చు తొక్కుతుండేవి.

ఇక్కడ మీకో పాఠం చెప్పాలి, చిన్నదే. మా షెడ్డులో ఉన్నవన్నీ పాత డీజిల్ బండ్లు. వాటి ఇంజన్లలో పుల్లల్లాంటి ప్లగ్గులుంటాయి. ముందు అవి కాలి ఎర్రబడితేనే డీజిల్ అంటుకుంటుంది. అందుకని తాళంచెవి పెట్టగానే ముందు ‘హీటర్’ వేయాలి, పది అంకెలు లెక్కపెట్టాలి, ఆ తర్వాతే సెల్ఫ్ కొట్టాలి. మా ప్రాంతంలో డీజిల్ బండి ముట్టుకున్న ప్రతివాడికీ ఇదే అక్షరాభ్యాసం. హీటర్ అనే మాటకు ఇంకో అర్థం ఉండవచ్చని మాకెవ్వరికీ తోచలేదు. తోచడానికి హిందూపురంలో చలి ఎక్కడుంది?

అట్లాంటి షెడ్డులోకి ఒక విదేశీ కారు వచ్చింది. బెంగళూరులో ఎవరో దొర తన దేశం నుంచి తెప్పించుకుని, తిరిగి వెళ్లిపోతూ అమ్మేస్తే గోవిందప్ప గారు కొన్నారు. అదీ డీజిలే. ఏసీ కూడా ఉంది. ముందర నిండా మీటలు, వాటి కింద నాకు తెలియని భాష. ఒక్క మీట కింద మాత్రం ఇంగ్లీషులో ‘హీటర్’ అని ఉంది. పరాయి ఊళ్లో మేనమామ కనబడినంత సంతోషమైంది నాకు.

దాని మొదటి బాడుగ ఎస్తేరు టీచర్‌ది. ఆమె మా ఊరి బడిలో తెలుగు చెప్పేవారు. తల్లిదండ్రులు పోతే తమ్ముణ్ని ఆమే పెంచారు. ఆ రోజు సాయంత్రం నాలుగింటికి ధర్మవరం చర్చిలో అతని పెళ్లి. అక్కను అతను జన్మలో అడిగింది ఒకటే, ఫొటోల్లో కనిపించేలాంటి మూడంతస్తుల కేకు. ఆమె వారం ముందే బేకరీలో చెప్పి, దగ్గరుండి చేయించారు. తెల్లటి వెన్న క్రీము, చుట్టూ గులాబీ పూలు, పైన చక్కెర పావురాలు రెండు.

ఆ పొద్దున మా అసలు డ్రైవరుకు జ్వరం. గోవిందప్ప గారు నన్ను పిలిచారు.

“బాషా, కేకు ఈడ ఎట్ల ఎక్కిందో ఆడ అట్లే దిగల్ల. దిగితే రేపట్నుంచి ఈ బండికి నువ్వే డ్రైవరు. దిగకపోతే, ఇంక స్టీరింగు మాటే ఎత్తద్దు.”

“అట్లే దిగుతాదన్నా, చూస్తాండు,” అన్నాను.

టీచర్ వెనక సీట్లో కూర్చుని కేకు పెట్టెను ఒళ్లో పెట్టుకున్నారు. నేను ముందు కూర్చుని, శాస్త్రప్రకారం హీటర్ మీట నొక్కాను. ఎర్ర దీపం వెలిగింది. పది లెక్కపెట్టి సెల్ఫ్ కొట్టాను. బండి ఒక్క దెబ్బకు అందుకుంది. చూశారా, మీట పనిచేసిందని రుజువైపోయింది. నిజానికి ఆ కారులో ప్లగ్గులు తాళంచెవి తిప్పగానే వాటంతటవే వేడెక్కుతాయట. ఆ సంగతి నాకు చెప్పేవాళ్లు లేరు.

“దుమ్ము పడుతుంది, అద్దాలు ఎత్తప్పా,” అన్నారు టీచర్.

“ఏసీ ఉండాది కదా టీచర్, ఊటీ మాదిరి పోదాం,” అని అద్దాలన్నీ ఎత్తేశాను.

ఊరు దాటి కాసేపయింది. నా ముఖానికి ఏసీ చల్లగా తగులుతోంది. నేను హాయిగా ఈల వేస్తున్నాను.

“బాషా, వేడిగా ఉండాదేమప్పా?”

“బయట ఎండ కదా టీచర్. ఏసీ పట్టుకోడానికి టైం పడతాది.”

ఇంకో పది నిమిషాలకు,

“కాళ్ల దగ్గర సెగ కొడతాంది నాయనా. ఏదో టిక్కు టిక్కుమంటాండాది కూడా.”

“గడియారం టీచర్. ఫారిన్ బండ్లలో ఉంటాది.”

ఏ బండిలో ఏముంటుందో నాకేం తెలుసు? అయినా స్టీరింగు ముందున్న మనిషికి తెలియదని చెప్పే హక్కు లేదని నా నమ్మకం. అద్దంలో చూస్తే టీచర్ ముఖం ఎర్రగా కందిపోయింది. కొంగుతో తనకు కాక కేకుకు విసురుతున్నారు.

“పావురం వంగింది!” అని కేక పెట్టారు పెనుకొండ కొండ కనబడేసరికి.

బండి పక్కకు తీసి ఇంజన్ ఆపాను. టిక్కు టిక్కు ఆగలేదు. వెనక సీటు కింది నుంచి వేడిగాలి తోసుకొస్తూనే ఉంది. ఇంజన్ ఆపినాక కూడా ఊపిరి పీల్చే కారును నేనెప్పుడూ చూడలేదు. నాకు తెలిసిన దువాలన్నీ చదివాను. వెనక టీచర్ ప్రార్థన మొదలుపెట్టారు. ఇద్దరి దేవుళ్లూ కలిసి మమ్మల్ని రోడ్డు అవతల ఉన్న ఓబులేసు మెకానిక్ దగ్గరికి పంపించారు.

ఓబులేసు కారు కిందికి దూరి, చాలాసేపటికి బయటికొచ్చాడు.

“ఏమబ్బా, దీనికి రెండు పొగగొట్టాలు ఉండాయే! ఇంజన్ ఆపినా ఒకదాంట్లో పొగ వస్తాంది.”

“అంటే?”

“అంటే లోపల వేరే పొయ్యి ఉండాది. నేను సైన్యంలో లారీలు తోలేటప్పుడు మంచు కొండల్లో చూసినా. డీజిల్ ఇంజన్ బిరీన వేడెక్కదు. దాని వేడితో లోపలుండే మనిషికి చలి తీరదు. అందుకని ఇది పెడతారు. చిన్న పంపు ట్యాంకులోంచి డీజిల్ చుక్క చుక్క లాగుతాది, ఆ టిక్కు టిక్కు అదే. లోపల అది మండుతాది. ఫ్యాను గాలిని ఆ వేడి రేకుల మీదుగా సీటు కిందికి తోస్తాది. ఇంజన్‌తో దీనికి పనే ల్యా. అవునూ, ఈ ఎండల్లో దీన్ని ఎవరేసినారు?”

నేను ఆకాశం వైపు చూశాను. టీచర్ నా వైపు చూశారు.

“హీటర్ ఎయ్యకుండా సెల్ఫ్ ఎట్ల కొడతారన్నా?” అన్నాను చివరికి.

ఓబులేసు రోడ్డు పక్కనే కూలబడి నవ్వాడు. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, తనే మీట ఆపాడు. “ఫ్యాను ఇంకో రెండు మూడు నిమిషాలు తిరుగుతాది, లోపలి పొయ్యి చల్లారల్ల. భయపడద్దు. ఇంక ఆ మీట ముట్టద్దు,” అన్నాడు.

“ముట్టను,” అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను.

పెట్టె తెరిచి చూశాం. పూలు కొంచెం జారాయి, ఒక పావురం బోర్లా పడింది. అంతస్తులు మూడూ నిలబడే ఉన్నాయి. టీచర్ చెంచాతో క్రీము సర్ది, పావురాన్ని లేపి నిలబెట్టారు. “పర్వాలేదప్పా, తెలియక చేసినావు. మా తమ్ముడు కనుక్కోలేడు,” అన్నారు. పెట్టె మూసి మళ్లీ ఒళ్లో పెట్టుకున్నారు. నాకు సిగ్గేసింది, ఆమె మీద గౌరవం కూడా కలిగింది. ఈ కేకును కడదాకా కాపాడి తీరాలనుకున్నాను.

కాపాడాను కూడా, ధర్మవరం ముందర రైలు గేటు దాకా.

గేటు పడి ఉంది. ఇంజన్ ఆపాను. ఒక గూడ్సు వెళ్లింది. ఆ తర్వాత ఎదురుదిక్కు నుంచి ఇంకొకటి వెళ్లింది. మూడున్నర అవుతోంది. టీచర్ పెట్టెలోకి చూసి, “అట్లే ఉండాది బాషా, స్తోత్రం!” అన్నారు. గేటు లేచింది. వెనక లారీవాడు హారను మోగించాడు. కంగారులో తాళంచెవి పట్టుకున్నాను, మిగతాదంతా నా చేతులే చూసుకున్నాయి. ఒక చేయి మీట నొక్కింది. నోరు పది లెక్కపెట్టింది. రెండో చేయి సెల్ఫ్ కొట్టింది. ఇందులో బుర్రను ఎవరూ సంప్రదించలేదు.

గేటు అవతల సందులన్నీ కిక్కిరిసి ఉన్నాయి. చర్చి చేరడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఆ ఇరవై నిమిషాలూ హారన్ల మోతలో టీచర్ వెనక నుంచి ఏదో అరుస్తున్నారు. సంతోషంతో స్తోత్రం చెబుతున్నారనుకున్నాను. వెనక్కి తిరిగితే, ఆమె పెట్టెను కాళ్లకు దూరంగా, రెండు చేతులా నెత్తికెత్తి పట్టుకుని ఉన్నారు. పెట్టె అడుగు నుంచి తెల్లటి క్రీము మోచేతుల దాకా కారుతోంది.

“మొదటిసారి తెలియక చేసినావు,” అన్నారు మెల్లగా. “రెండోసారి ఏమప్పా?”

“అలవాటు, టీచర్.”

పెళ్లికొడుకు పెట్టె తెరిచాడు. లోపల మూడంతస్తులూ కలిసి ఒకటే అంతస్తయ్యాయి, పావురాలు రెండూ మునిగిపోయాయి. నేను చెప్పుల వైపు చూస్తూ నిలబడ్డాను. అతను అక్క చేతుల వైపు చూశాడు, వాటి మీది క్రీము వేలితో తీసి నోట్లో పెట్టుకున్నాడు. “అక్కా, భలే ఉండాది,” అన్నాడు. చర్చిలో ఆ రోజు కేకు కోయలేదు, చెంచాలతో కప్పుల్లో వడ్డించారు. జనం రెండోసారి అడిగి తిన్నారు.

తమ్ముడు క్షమించాడు గానీ టీచర్ టీచరే. మిగిలిన శుభలేఖల కట్ట తెచ్చి నా ముందు పడేశారు. “ఈ హీటర్ ఆ హీటర్ కాదు, అని నూరుసార్లు రాయి. అలవాటు పోయే మార్గం ఇదొకటే నాకు తెలిసింది.” విందంతా అయ్యేదాకా, పందిట్లో పిల్లలందరూ చుట్టూ నిలబడి చూస్తుండగా, ఒక్కో శుభలేఖ వెనక ఒకసారి చొప్పున రాశాను.

మరునాడు ఆ కట్ట తీసుకుపోయి గోవిందప్ప గారి ముందు పెట్టాను. ఆయన ఒక్కొక్కటే తిప్పి చూశారు.

“కేకు ఎట్ల ఎక్కింది, ఎట్ల దిగింది?”

“ఎక్కేటప్పుడు గట్టిగా అన్నా. దిగేటప్పుడు పల్చగా.”

ఆయన తాళంచెవి జేబులో వేసుకున్నారు. “డ్రైవింగు నీ వల్ల కాదు గానీ బాషా, నీ రాత ముత్యాల మాదిరి ఉండాది. ఏ బండి ఎప్పుడు యాడికి పోతాదో ఆ బోర్డు మీద రాస్తా కూర్చో.”

అట్లా నేను డ్రైవరును కాకుండా రాసేవాణ్ని అయ్యాను. ఆ నూరు శుభలేఖలే నా మొదటి రచన, చదివినవాళ్లు ఇద్దరు. కనుక పాఠక మహాశయులారా, మీ అందరి సాక్షిగా, ఖురాను మీదా, బైబిలు మీదా, డీజిల్ ట్యాంకు మీదా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో హీటర్ అని రాసి ఉన్న ఏ మీటనూ నేను నొక్కను. మా ఇంట్లో స్నానాల గదిలో ఉన్నదాన్ని కూడా నొక్కను. డిసెంబరు నెలలో మా ఆవిడ తలుపు అవతల నిలబడి మీట నొక్కమని ఎంత అరిచినా సరే, చన్నీళ్లే పోసుకుంటాను.