రత్నకుమారి గారు నేర్పిన రెండక్షరాలు

నిన్న గుడివాడ బస్సులో పక్క సీటావిడ లవంగం నమిలింది. ఆ ఘాటు తగలగానే, ఎప్పుడూ లవంగం నమిలే రత్నకుమారి గారు నా వెనక నిలబడి స్క్రీన్ చూస్తున్నట్టే అనిపించి, నిటారుగా కూర్చున్నాను. బందరులో ఆవిడ నడిపిన చిన్న ఆఫీసులోనే నా మొదటి ఉద్యోగం. గిలకలదిండి రేవులో చేపల బోట్ల వాళ్ల ఫోన్లకు వాతావరణ సమాచారం పంపడం మా పని. అక్కడి కంప్యూటర్లకు మౌస్ లేదు, బొమ్మల్లేవు. నల్లటి తెర, తెల్లటి అక్షరాలు, అంతే.

నేను చేరిన రెండోవారంలో గాలి పెరుగుతుందని ఉదయమే హెచ్చరిక వచ్చింది. పదకొండుకల్లా బోట్లు కదులుతాయి. వాటిలో మా బాబాయిదీ ఒకటి. సందేశం రాస్తూ ఒక మాట తప్పు పడితే, కాలేజీ అలవాటు కొద్దీ వెనక్కి తీసుకుందామని కంట్రోల్, జెడ్ నొక్కాను. రాసిందంతా మాయమైంది. రాయడానికి వాడే ఎడిటర్ ప్రోగ్రాం మళ్లీ తెరిచి మొదటినుంచి రాశాను. మళ్లీ తప్పు, మళ్లీ అదే మీట. ఈ ఫైలు ఇప్పటికే తెరిచి ఉందని యంత్రం ప్రతిసారీ హెచ్చరిస్తున్నా చదవకుండా దాటేశాను. అడిగితే ఇంత చిన్న విషయం తెలియదా అంటారని భయం. ఐదోసారీ అదే జరిగింది. గడియారం పదిన్నర దాటింది. ఇక దాచలేక ఆవిడ దగ్గరికి వెళ్లి, అంతా పోగొట్టానండీ అన్నాను.

ఆవిడ వచ్చి, ఆగి ఉన్న పనులు చూపించే ఆదేశం కొట్టారు. ఒకదాని కింద ఒకటి ఐదు వరసలు పడ్డాయి. అన్నీ నా ఎడిటర్లే. కళ్లజోడు తీసి మరీ నవ్వారు.

"ఏదీ పోలేదమ్మా. ఇక్కడ ఆ మీట పనిని ఆపి పక్కన పెడుతుందంతే. నువ్వు ఆపావు, అవి ఆగాయి. ఏది కావాలో చెప్పు."

మూడోదానిలో దాదాపు పూర్తిచేశానని చెప్పాను. ఆగిన పనిని మళ్లీ ముందుకు తెచ్చే ఎఫ్, జి అనే రెండక్షరాలు, పక్కన మూడు అంకె కొట్టమన్నారు. కొట్టాను. నేను వదిలిన వాక్యం, వదిలినచోటే కర్సర్ మిణుకుమంటూ ప్రత్యక్షమయ్యాయి. మిగిలిన ముక్క రాసి పంపేసరికి పదకొండుకు ఐదు నిమిషాలు తక్కువ. బోటులోకి ఐసు కూడా ఎక్కించాక వెళ్లొద్దని ఈ కబురేమిటని బాబాయి ఫోన్లో విసుక్కున్నాడు. మధ్యాహ్నం మా ఆఫీసు రేకుల కప్పు గాలికి దడదడలాడుతుంటే తనే మళ్లీ ఫోన్ చేసి, భోజనం చేశావా అని అడిగాడు.

ఆ సాయంత్రం తిట్లు పడతాయనుకున్నాను. ఆవిడ మాత్రం కుర్చీ లాక్కుని నా పక్కన కూర్చుని, ఎడిటర్ని ఆపి వేరే పని చూసుకుని తిరిగి అందులోకి రావడం పదిసార్లు చేయించారు. లేచేముందు ఒక్కమాటే అన్నారు. "మొదటిసారే వచ్చి అడిగి ఉంటే నీకు టీ తాగే టైమ్ కూడా మిగిలేది."

ఇప్పుడు నా కింద ఆరుగురు పనిచేస్తున్నారు. రోజూ ఏదో ఒకటి నాకు తెలియనిది తగులుతుంది. లేచి వాళ్ల టేబుల్ దగ్గరికే వెళ్లి, ఇది నాకు రాదు, చూపిస్తారా అని అడుగుతాను. వాళ్లూ నన్ను అలాగే అడుగుతారు. మా ఆఫీసులో టీకి అందరికీ తీరిక ఉంటుంది.