అసలు చూడనిదే ముద్ర వేయని పైడిరాజు గారు

చీపురుపల్లి నోటరీ పైడిరాజు గారు ఇక లేరని ఫోనులో విన్నప్పుడు, నమ్మలేక రెండోసారి చెప్పమన్నాను. ముందురోజే స్టేషను దగ్గర స్కూటరు ఆపి నన్ను పలకరించిన మనిషి.

మా తాతగారు ఊరి బడికి స్థలం దానమిచ్చారు. భూములన్నీ పోయిన మా వంశానికి మిగిలిన గౌరవం అదొక్కటే. నిరుడు ఒక స్థలాల వ్యాపారి ఆ బడి ఆవరణలో కంచె వేశాడు. తహశీల్దారు విచారణకు దానపత్రం జెరాక్సు ధ్రువీకరించమని పైడిరాజు గారి దగ్గరకు వెళ్లాను.

"అసలు కాయితం ఏది బాబూ?"

"మా చిన్నాన్న కొడుకు దగ్గరుంది. మాకు మాటల్లేవు. నా మాట చాలదా?"

"మీ తాతగారే లేసొచ్చి సెప్పినా సాలదు. నకలుకి నకలు నేను సర్టిఫై సెయ్యకూడదు. అసలు తెండి, లేదంటే రిజిస్ట్రారాఫీసులో అడగండి. ఆల్లిచ్చిన నకలుకి నా ముద్రే అక్కర్లేదు."

అక్కడ నకలు అందేసరికి విచారణ దాటిపోతుంది. ఎవరి గుమ్మమూ తొక్కని నేను ఆ సాయంత్రం ఆ చిన్నాన్న కొడుకు, నా తమ్ముడి గుమ్మం ముందు నిలబడ్డాను.

"ఏటన్నియ్యా, దారి తప్పొచ్చావేటి?" అన్నాడు వాడు. విషయం విన్నాక నవ్వు ఆపేశాడు. "తాత కాయితానికి నన్నడగాలేటి?" అంటూ పెట్టె తీశాడు. మరునాడు తనే తోడొచ్చాడు.

పైడిరాజు గారిదొక పద్ధతి. కాగితం తెచ్చినవారే అసలును బిగ్గరగా చదవాలి. ఆయన నకలు మీద వేలు పెట్టి వెంట వస్తారు. వరండా నిండా జనం. నలుగురిలో చదవడమా అని బిగుసుకున్నాను. తాతగారి పేరు వచ్చేసరికి నా గొంతు దానంతటదే లేచింది. జనం టీ గ్లాసులు దించి వింటున్నారు. రెండో కాగితం వెనుకవైపుకు వచ్చేసరికి ఆయన వేలు ఆగింది.

"ఆగండి బాబూ. ఈ హద్దులు నా సేతిలో లేవు."

జెరాక్సులో ఆ వెనుకవైపు లేనే లేదు. వ్యాపారి ఆక్రమించిన పడమటి హద్దు సరిగ్గా అక్కడే ఉంది. తమ్ముడు నా భుజం మీద ఒక్కటి చరిచాడు. చిన్నప్పటి తర్వాత వాడు నన్ను తాకడం అదే మొదలు. కొత్త జెరాక్సు తీయించి, మళ్లీ మొదటినుంచీ చదివించి, అప్పుడు పైడిరాజు గారు ముద్ర వేశారు.

"అసల్తో సరిపోయిందనే నేను రాసింది. అందులో ఉన్నది నిజమని సెప్పడం నా పని కాదు. అది ఆఫీసులో తేల్తాది."

తేలింది. కంచె పీకించారు. కంచె స్తంభాల గుంతలు పూడకముందే పిల్లలు వాటి మీదుగా గెంతుతూ ఆడుకున్నారు.

నిన్న ఆయన కుమార్తె కోరగా, ఆయన మరణ ధ్రువపత్రం నకళ్లు తీసుకుని మరో నోటరీ దగ్గరకు వెళ్లాను. ఆ నోటరీ అసలు చూడకుండానే ముద్ర ఎత్తారు.

"ఆగండి. అసలు నేను చదువుతాను, నకలు మీరు చూడండి" అన్నాను.

లేచి నిలబడి వరండా అంతా వినేలా చదివాను. నోటరీ కుర్చీలో పైడిరాజు గారిలా కూర్చోగలవారు మా ప్రాంతానికి మళ్లీ దొరకరు. ఎవరికీ తల వంచని నేను, ఆయన పేరు దగ్గరకు వచ్చేసరికి చదవడం ఆపి తల వంచాను.